కాశిమేడులో కట్టేసిన బోటు మీద 61 రోజులు ఎలా ఉండాలి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర బోట్లు వేటకు పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు పెట్టిన బంద్ అది. చెన్నై బోట్లలో పనిచేసే మన శ్రీకాకుళం కళాసీలంతా బంద్ మొదలయ్యే వారంలో సెంట్రల్ స్టేషన్‌లో సంచులతో కనపడతారు. మనుషులు ఊళ్ళకు పోతారు గాని బోటు పోదు కదా, దాని మీద ఒకడు ఉండాలి. ఈ ఏడాది ఆ ఒకడు మీరే అయితే ఈ నాలుగు ముక్కలు చదివి వెళ్ళండి.

నేను చెన్నైలోని కాశిమేడు ఫిషింగ్ హార్బర్‌లో మూడు బంద్‌లు బోటు మీదే గడిపాను. మొదటిసారి ఒప్పుకున్నప్పుడు మా బావ "పనేటుంది, తిని తొంగోడమే కదా" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. వేటలో ఉన్న బోటును డ్రైవరు, కళాసీలు అంతా కనిపెట్టుకుని ఉంటారు. కట్టేసిన బోటుకు ఏం జరిగినా మెల్లగా జరుగుతుంది, చప్పుడు లేకుండా జరుగుతుంది. మోకు పోగు పోగుగా అరుగుతుంది. అడుగున నీళ్ళు చుక్క చుక్కగా చేరతాయి. తిని పడుకున్నవాడికి ఈ రెండూ తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

ఒప్పుకునే ముందు

రోజుకు ఎంత, బత్తా కలిపా వేరేనా, తాగే నీళ్ళ క్యాన్లు ఎవరు కొంటారు, గ్యాసు ఎవరిది, ఇంజను తిప్పడానికి డీజిల్ ఎంత వదులుతారు, మధ్యలో ఒంట్లో బాగాలేకపోతే మీ బదులు ఎవరుంటారు, ఇవన్నీ ఓనరుతో ముందే మాట్లాడుకోండి. మాట్లాడింది వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి "సరే" అనిపించుకోండి. మొదటి ఏడాది నేను మొహమాటపడ్డాను. క్యాన్ల డబ్బు రెండు నెలలూ నా జేబులోంచే పోయింది.

ఆధార్, మత్స్యకారుల గుర్తింపు కార్డు అసలువే తీసుకెళ్ళండి, నీళ్ళు తగలని కవర్లో పెట్టుకోండి. ఫోన్‌లో మూడు నంబర్లు ఎక్కించుకోండి: తీర భద్రత పోలీసులకు 1093, కోస్ట్ గార్డుకు 1554, అంబులెన్సుకు 108. సెంట్రల్‌లో దిగాక మెట్రో నీలం లైన్లో వాషర్‌మన్‌పేట దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకుంటే సామానుతో తేలిక. దారిలో రాయపురం రైల్వే స్టేషన్ కనపడితే ఒకసారి చూడండి. దక్షిణాదిలో మొదటి రైలు 1856లో అక్కడి నుంచే బయల్దేరింది.

ఎక్కిన రోజు

డ్రైవరు ఊరికి పోకముందే మీరు బోటు ఎక్కాలి. ఒక పూటైనా ఆయన మీ పక్కన ఉండాలి. బ్యాటరీ మెయిన్ స్విచ్ ఎక్కడ, డీజిల్ వాల్వు ఎక్కడ, ఇంజనుకు సముద్రపు నీళ్ళు వచ్చే వాల్వు ఎక్కడ, నీళ్ళు తోడే పంపు ఎక్కడ, చేత్తో తోడే పంపు కూడా ఉందా, బోటును నడిపే ఫ్యాను ఇరుసు బయటికి పోయే చోట నీళ్ళు రాకుండా బిగించే గ్లాండు ఎలా ఉంది, అన్నీ చూపించమనండి. తర్వాత లైటు ఆర్పేసి అవే చోట్లకు చీకట్లో చెయ్యి పెట్టి చూడండి. అవసరం పడేది చీకట్లోనే.

ఆ తర్వాత డ్రైవరు పక్కనుండగానే ఫోన్‌లో వీడియో తీయండి. వలలు ఎన్ని కట్టలు, బ్యాటరీలు ఎన్ని, జీపీఎస్, వైర్‌లెస్, చేపల్ని చూపించే ఎకో మిషను, గ్యాసు బండలు. డీజిల్ ట్యాంకులో కర్ర దింపి ఎంత తడిసిందో గీత పెట్టండి. వీడియో ఓనరుకు పంపండి. దొంగతనం జరిగితే మొదట అనుమానం ఎవరి మీదికి వస్తుందో చెప్పనక్కర్లేదు.

అటూ ఇటూ బోట్ల మీద ఉన్న కాపలావాళ్ళను ఆ సాయంత్రమే పలకరించండి. ఎక్కువమంది తమిళం వాళ్ళు, "అణ్ణా" అంటే సగం పని అయినట్టే. తమిళం రాకపోయినా ఈ మాటలు మాత్రం రావాలి. కయిరు అంటే తాడు. నంగూరం అంటే లంగరు. బోటు ముందు భాగం అణియం, వెనక భాగం అమరం. ఇళు అంటే లాగు, విడు అంటే వదులు, తళ్ళు అంటే తొయ్యి. పక్క బోటు వాడు "విడు" అని అరుస్తుంటే మీరు లాగుతూ నిలబడితే వేళ్ళు పోతాయి.

మోకులు

బంద్‌లో హార్బర్‌లో ఖాళీ ఉండదు. జెట్టీకి ఒక బోటు, దానికి ఆనించి ఇంకోటి, దానికి ఇంకోటి, ఇలా నాలుగైదు వరసలు కడతారు. మీ బోటు జెట్టీ పక్కదా, మధ్యదా, చివరిదా అన్నదాన్ని బట్టి మీ పని మారిపోతుంది.

జెట్టీ పక్క బోటుకు పోటుపాట్లతో పేచీ. చెన్నైలో పోటుకీ పాటుకీ నీటి మట్టంలో తేడా అమావాస్య పౌర్ణములకు కూడా సుమారు ఒక మీటరే. గుజరాత్ బోట్ల మీద పనిచేసి వచ్చినవాళ్ళు "ఇదీ ఒక పోటేనా" అంటారు. ఆ మీటరే నన్ను ఏడిపించింది. ఒక పౌర్ణమి పూట నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు, బోటు ఊగుతోందని మోకులన్నీ బిర్రుగా లాగి కట్టేసి పడుకున్నాను. ఆరు గంటలు గడిచేసరికి నీళ్ళు దిగాయి. బోటు కూడా దిగాలంటే మోకులో వదులు లేదు. తెల్లవారుజామున టప్‌మని చప్పుడైతే లేచి చూద్దును కదా, బోటు ఒక పక్కకు ఒరిగి జెట్టీకి వేలాడుతోంది. మోకు కట్టే దిమ్మ మొదట్లో చెక్క చీలింది. ఓనరు ఆ చెక్క ఖర్చు నా జీతంలో విరిచాడు. ఆయన తప్పేం లేదు.

పోటు మీద కడితే మీటరుకు సరిపడా వదులు ఉంచండి, పాటు మీద మళ్ళీ చూసుకోండి. మోకు ఎంత పొడుగ్గా, ఎంత ఏటవాలుగా పోతే అంత మంచిది. పొట్టిగా నిటారుగా కట్టినది నీళ్ళు కొంచెం దిగగానే బిగుస్తుంది. ముందు మోకు ముందుకు, వెనక మోకు వెనక్కు ఎటూ ఉంటాయి. ఇవి కాక బోటు ముందు నుంచి జెట్టీ మీద వెనక్కి ఒకటి, బోటు వెనక నుంచి జెట్టీ మీద ముందుకి ఒకటి, ఏటవాలుగా రెండు వేయండి. బోటు ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టుకునేవి ఈ రెండే. చాలామంది వీటిని వేయరు, రాపిడి తగలకుండా పక్కన వేలాడదీసే టైర్లు తెగిపోయాక అప్పుడు వెతుక్కుంటారు.

పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు వెనక్కు జరుగుతూ. మొదటి రోజు జెట్టీ గోడ మీద సుద్దతో గీత పెట్టి టైము రాసుకోండి. వారం తిరిగేసరికి ఏ పూట లేవాలో మీ ఒంటికే తెలుస్తుంది.

మధ్య బోటుకు ఈ బాధ లేదు. పక్కవాటితో పాటే లేస్తుంది, పాటే దిగుతుంది. దానికి ఉన్నది రాపిడి. టైర్లు ఒకటి పైన ఒకటి కిందగా వేలాడదీయండి, ఒకే ఎత్తులో కాదు. పక్క బోటు మీదికి వస్తుంటే కాలితోనో చేత్తోనో ఆపాలని చూడకండి. పదుల టన్నుల బరువు అది, ఎంత మెల్లగా వచ్చినా ఎముక ఆగదు. టైరు వేసి పక్కకు తప్పుకోండి, రంగు పోతే పోయింది.

చివరి బోటుకు గాలీ అలా రెండూ. మధ్యాహ్నం అయ్యేసరికి తూర్పు నుంచి సముద్రపు గాలి మొదలవుతుంది, పక్కన పోయే నాటు పడవల అలలు తగులుతుంటాయి. చివరి బోటు అయితే జెట్టీ దాకా సొంతంగా రెండు పొడుగు మోకులు పోవాలి. పక్క బోటును మాత్రమే నమ్ముకుంటే, దాని మోకు తెగిన రోజు మీరూ దాని వెంటే.

మోకు తెగేది లాగుడుకు కంటే రాపిడికే ఎక్కువ. బోటు అంచు మీద వంగే చోట పాత హోస్ పైపు ముక్క తొడగండి, లేదంటే గోనె చుట్టి కట్టండి. నైలాన్ మోకు సాగుతుంది, కుదుపును తట్టుకుంటుంది. నీళ్ళ మీద తేలే చవక రకం ప్లాస్టిక్ మోకు ఎండకు పాడైపోతుంది. గోరుతో గీకితే పొడి రాలిందంటే దాన్ని నమ్మకండి. రాత్రి పది గంటలకు ఒకసారి, మూడింటికి ఒకసారి మోకులన్నీ చేత్తో తడిమి రండి. టార్చి వెలుగులో బాగున్నట్టు కనపడేది చేతికి వేరేలా తగులుతుంది.

అడుగున నీళ్ళు, చేపల గది

ప్రతి బోటుకూ అడుగున కొంత నీళ్ళు చేరతాయి. చేరడం తప్పు కాదు, నిన్నటి కంటే ఇవాళ ఎక్కువ చేరడం తప్పు. రోజూ పొద్దున ఒకే టైముకు తోడండి, ఎన్ని నిమిషాలు పంపు ఆడిందో నోటుబుక్కులో రాయండి. నాలుగు నిమిషాలు ఉన్నది ఆరు అయిందంటే వెతకాలి. ముందు గ్లాండు చూడండి. ఇంజను ఆపేసి ఉన్నప్పుడు కూడా అక్కడ ధారగా కారుతుంటే మెకానిక్‌ని పిలవాల్సిందే. తర్వాత సముద్రపు నీళ్ళ పైపుల క్లిప్పులు చూడండి. వానపడిన రాత్రి తర్వాత ఎక్కువ వస్తే ఒక చుక్క వేలి మీద వేసుకుని నాలుకకు ఆనించండి. ఉప్పగా లేకపోతే వాన నీరే.

ఆ నీళ్ళలో నూనె తేలుతుంటే అలాగే హార్బర్‌లోకి తోడకండి. పాత గుడ్డలో రంపపు పొట్టు మూటకట్టి వేస్తే నూనె పీల్చుకుంటుంది, తర్వాత తోడండి. 2017 జనవరి 28న ఎన్నూరు బయట రెండు ఓడలు గుద్దుకుని నూనె ఒడ్డుకు కొట్టుకొచ్చింది. జనం బక్కెట్లతో ఎత్తి పోశారు. ఆ నలుపు చూసినవాళ్ళెవరూ నూనె నీళ్ళు సముద్రంలో వదలరు.

ఇప్పుడు అసలైన భయం. బంద్ మొదలయ్యేముందు చేపల గదిని తొందర తొందరగా కడిగి మూసేస్తారు. మూలల్లో పొలుసులు, పేగులు, ఐసు నీళ్ళు మిగులుతాయి. మూత పెట్టిన గదిలో అవి కుళ్ళితే విషపు గాలి పుడుతుంది. మొదట కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కుకు ఆ వాసన కూడా తెలియదు. అదే ప్రమాదం. "వాసన పోయింది, పర్లేదు" అని దిగినవాడు అక్కడే కూలిపోతాడు. ఏ రేవుకు వెళ్ళినా ఒకే కథ చెబుతారు: ఒకడు దిగి పడిపోయాడు, వాణ్ణి లేపుదామని ఇంకొకడు దూకాడు, వాడూ లేవలేదు.

గదిలోకి దిగాల్సి వస్తే మూతలన్నీ తీసి కనీసం ఒక గంట వదలండి, చిన్న ఫ్యాను ఉంటే లోపలికి గాలి కొట్టించండి. ఒంటరిగా దిగకండి. పైన ఒక మనిషి ఉండాలి, మీ నడుముకు తాడు ఉండాలి, తాడు కొస పైవాడి చేతిలో ఉండాలి. తల తిరిగినట్టు, కళ్ళు మండినట్టు అనిపించిన వెంటనే బయటికి రావాలి. పైవాడు ఎట్టి పరిస్థితిలోనూ దిగకూడదు. తాడు లాగాలి, అరవాలి, 108కి ఫోన్ చేయాలి. పక్క బోటు అణ్ణతో స్నేహం ఎందుకన్నానో ఇక్కడ తెలుస్తుంది. ఆ గదిని మొదటి మూడు రోజుల్లోనే ఇద్దరు కలిసి బ్లీచింగ్ పౌడరుతో కడిగేసి, మూతను ఒక చెక్క ముక్క అడ్డం పెట్టి కొంచెం తెరిచి ఉంచండి. అది మీ ముక్కుకూ మంచిదే.

కరెంటు

జెట్టీ మీద నుంచి వైరు లాగి ఫ్యాను తిప్పుకునేవాళ్ళు ఉంటారు. అతుకులు నీళ్ళలో నానుతుంటాయి, ఇనుప బోటు అంతా కరెంటు పట్టుకుంటుంది. లాగక తప్పదంటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి, వైరు మధ్యలో అతుకు లేకుండా చూడండి. అసలు బ్యాటరీతోనే సర్దుకోవడం మేలు.

లెక్క ఇలా వేసుకోండి. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగమే వాడాలి, అంటే 75. ఇరవై వాట్ల చిన్న డీసీ ఫ్యాను గంటకు రెండు ఆంపియర్ల లోపే తింటుంది, రాత్రంతా తిప్పితే 16, 17. ఎల్ఈడీ లైటు, ఫోను ఛార్జింగు కలిపి ఇంకో పది. మూడు రోజులకు బ్యాటరీ సగానికి వస్తుంది. కేబిన్ కప్పు మీద 100 వాట్ల సోలార్ పలక ఉంటే చెన్నై వేసవి ఎండకు రోజు ఖర్చు రోజుకే తిరిగి వచ్చేస్తుంది. పలక లేకపోతే మూడు రోజులకోసారి ఇంజను తిప్పాలి. తిప్పగానే బయటికి చల్లార్చే నీళ్ళు వస్తున్నాయా చూడండి. హార్బర్ నీళ్ళలో ప్లాస్టిక్ కవర్లు ఎక్కువ, పైపు మూతికి అంటుకుంటే ఇంజను కాలిపోతుంది. ఇరవై రూపాయల కవరు కాదు, లక్షల ఇంజను. వోల్ట్ మీటరు పెట్టి చూస్తే నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 పైన చూపిస్తుంది, సగానికి దిగితే 12.2 దగ్గర ఉంటుంది. 12కు దిగితే ఫ్యాను ఆపి విసనకర్ర తీయండి. బ్యాటరీ పెట్టెకు గొలుసు, తాళం తప్పనిసరి.

వంట, నీళ్ళు, స్నానం

గ్యాసు బండను కేబిన్‌లో పెట్టకండి. గ్యాసు గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, అడుగుకు దిగి కూర్చుంటుంది. బండ పైన బయట, అంచు దగ్గర ఉండాలి. వాడిన ప్రతిసారీ బండ దగ్గరే ఆపాలి. అడుగు నుంచి గ్యాసు వాసన వస్తుంటే స్విచ్ వేయకండి, ఆపకండి కూడా. మూతలు తీసి ఒడ్డుకు నడవండి. డీజిల్ అంటుకుంటే నీళ్ళు కొట్టకండి, పొడి చల్లే సిలిండరు, ఇసక బక్కెట్టు కేబిన్ తలుపు బయట పెట్టుకోండి. నాలుగైదు వరసల బోట్లలో ఒకటి అంటుకుంటే అది ఒక్క బోటుతో ఆగదు. దోమల చుట్ట కూడా రేకు పళ్ళెంలో ఇసక పోసి దాని మీదే.

వేసవిలో బోటు మీద పెద్ద వంట పెట్టుకోవద్దు. రాత్రి వండిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే పొద్దున చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఇంటి నుంచి తెచ్చిన ఎండు చేప. ఎండలో ఇంతకన్నా చల్లని తిండి నేను తినలేదు. ఉప్పు, అగ్గిపెట్టె, మందు బిళ్ళలు బిగుతు మూత సీసాల్లో పెట్టండి, గాలిలో తేమకు మొత్తం కరిగిపోతాయి. వండే ఓపిక లేని రోజు అమ్మ ఉణవగం, అంటే సర్కారు చవక క్యాంటీను, ఉండనే ఉంది. 2013లో ఒక్క రూపాయికి ఇడ్లీ, అయిదు రూపాయలకు సాంబారన్నం, మూడు రూపాయలకు పెరుగన్నంతో మొదలైంది. తాజా చేప కావాలంటే నాటు పడవల వాళ్ళు తెస్తారు, బంద్ వాళ్ళకు లేదు. ధర మాత్రం మామూలు రోజుల్లా ఉండదు.

తాగడానికి ఎండల్లో రోజుకు నాలుగైదు లీటర్లు పెట్టుకోండి. 20 లీటర్ల క్యాను ఒక మనిషికి నాలుగు రోజులు. స్నానానికి, గిన్నెలకు కుళాయి నీళ్ళు డ్రమ్ములో పట్టుకోవాలి. హార్బర్ నీళ్ళతో గిన్నెలు కడగకండి. కనపడే మురికి ఒక ఎత్తు, కనపడనిది ఒక ఎత్తు. స్నానం మూడు చెంబులతో అయిపోతుంది: ఒకటి తడుపుకోవడానికి, సబ్బు తర్వాత రెండు. ఉప్పు అంటిన బట్టలు ఎంత ఎండలో వేసినా చెమ్మ వదలవు, మంచినీళ్ళలో ఒకసారి జాడించి తీరాలి. తొడల సందుల్లో, వేళ్ళ మధ్య తామర వచ్చేది ఆ చెమ్మ బట్టలతోనే. మొదటి ఏడాది నేను నీళ్ళు మిగిల్చాను, ఆ మిగిలిన డబ్బంతా మందు ట్యూబులకే పోయింది.

దొడ్డికి పొద్దున్నే హార్బర్ మరుగుదొడ్లకు వెళ్ళిరండి, ఆరు దాటితే వరస. రాత్రి ఒంటికి లేస్తే బక్కెట్టు వాడండి, బోటు అంచుకు వెళ్ళకండి. నిద్ర కళ్ళతో, ఒక చేత్తో లుంగీ పట్టుకుని అంచున నిలబడినవాడు పడితే రెండు బోట్ల మధ్య పడతాడు. ఎంత ఈత వచ్చినా అక్కడ పనికిరాదు.

ఎండ, నిద్ర, తోడు లేని తోడు

మండు వేసవి రోజుల్ని తమిళం వాళ్ళు కత్తిరి అంటారు, మే 4 నుంచి 28 దాకా. మనకు రోహిణి కార్తె రాకముందే వాళ్ళకు రోళ్ళు పగులుతాయన్నమాట. ఆ రోజుల్లో పని పొద్దున పదిలోపు, మళ్ళీ సాయంత్రం నాలుగు తర్వాత. మధ్యలో టార్పాలిన్ కింద. టార్పాలిన్‌ను కేబిన్ కప్పుకు ఆనించి కట్టకుండా జానెడు ఎడం వదిలితే మధ్యలో గాలి ఆడుతుంది, కేబిన్ కాలదు. చెమట ఎక్కువ పట్టి కాళ్ళు పీకుతుంటే లీటరు మంచినీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి తాగండి.

రాత్రి కేబిన్‌లో పడుకోలేరు. దాని కప్పు మీద దోమతెర కట్టుకుని పడుకోండి, కాని కప్పు చుట్టూ నడుమెత్తున తాడు కట్టాకే. అర్ధరాత్రి దాటాక సముద్రపు గాలి ఆగిపోతుంది, కాసేపటికి ఒడ్డు మీది నుంచి గాలి తిరుగుతుంది, ఊరి వాసనంతా మోసుకొస్తుంది. దానికి ముందు ఒక గంట అసలు గాలే ఉండదు. దోమలు వచ్చేది ఆ గంటలోనే. వేలాడే టైర్లలో, ఖాళీ డ్రమ్ముల్లో వాన నీళ్ళు నిలిస్తే డెంగీ దోమ అందులోనే పెరుగుతుంది. టైరు కింది భాగంలో రంధ్రం పెట్టేస్తే సరి.

ఎలుకలు మోకుల మీద నడిచి వస్తాయి. పెద్ద ప్లాస్టిక్ బాటిల్ అడుగు కోసి మోకుకు గొట్టంలా తొడిగితే జారిపోతాయి. అవి వలలే కాదు, కేబిన్ వైర్లూ కొరుకుతాయి. కాళ్ళ మీద గాయం ఉంటే అడుగు నీళ్ళలో దిగకండి, ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్ళతో జ్వరం వస్తుంది. వచ్చి కళ్ళు ఎర్రబడితే ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళండి.

ఒంటరితనం గురించి ఎవరూ చెప్పరు. వందల బోట్లు, ఒక్కో దాని మీద ఒక్కో మనిషి, ఎవడి ఫోన్‌లో వాడు. నాకు రెండో ఏడాది పక్క బోటు మీద కాకినాడ పెద్దాయన దొరికాడు, "బాబాయ్" అని పిలిచేవాణ్ణి. రోజూ సాయంత్రం ఇద్దరం కలిసి ఒక చిరిగిన వల బాగుచేసేవాళ్ళం. బాగుచేసింది ఎవరి వలో మాకే గుర్తుండేది కాదు. వల పని చేతికి తెచ్చుకోండి, ఫోన్ కంటే అదే టైము గడుపుతుంది. మందు మాత్రం బోటు మీద వద్దు. కావాలంటే ఒడ్డున, ఆ రాత్రి ఒడ్డునే.

చెక్క బోటు అయితే

ఇనుపది, ఫైబరుది అయితే ఈ ముక్క వదిలేయండి. చెక్క బోటు కదలకుండా ఎండలో నిలబడితే నీటి గీత పైన పలకలు ఎండి ముడుచుకుంటాయి, సందులు పడతాయి. బంద్ అయ్యాక నిండా డీజిల్, ఐసు ఎక్కి బోటు దిగబడగానే ఆ సందుల్లోంచి నీళ్ళు లోపలికి. అందుకే పొద్దున, సాయంత్రం బక్కెట్టుతో సముద్రపు నీళ్ళు పైన, పక్కల మీద పోయండి. ఉప్పు నీళ్ళు చెక్కను కాపాడతాయి, నిలిచిన వాన నీళ్ళు కుళ్ళబెడతాయి. వాన వెలిసాక ఉప్పు నీళ్ళతో ఒకసారి కడిగేయడం మర్చిపోవద్దు. సందుల్లో దూది, గుగ్గిలం పని మాత్రం మేస్త్రీకే వదలండి. జీడిపిక్క తొక్క నూనె పూస్తే చెక్కకు పురుగు పట్టదని పాత మేస్త్రీలంటారు. పలాస వైపు వాళ్ళయితే ఇంటి నుంచి ఒక డబ్బా తేవచ్చు, చేతికి తగలనివ్వకండి, కాలి బొబ్బలెక్కుతుంది.

తుఫాను కబురు వస్తే

బంద్ కాలం కదా, తుఫాన్లు కార్తీకంలో కదా అనుకోకండి. 2010లో లైలా మే 20న బాపట్ల దగ్గర తీరం దాటింది. హార్బర్‌లో ఎగరేసే హెచ్చరిక గుర్తుల్లో 1, 2 దూరాన ఉన్నదానికి. 3 ఎగిరిందంటే మన రేవుకే. అప్పుడు మోకులు రెట్టింపు చేయండి, టైర్లన్నీ దించండి, టార్పాలిన్ విప్పేయండి, అది తెరచాపలా గాలి పడుతుంది. డీజిల్ వాల్వు, గ్యాసు, బ్యాటరీ మెయిన్ ఆపండి. చెన్నై దగ్గర తీరం దాటే తుఫానుకు గాలి మొదట ఉత్తరం నుంచి వస్తుంది. తుఫాను నడిమి కన్ను మన మీద నుంచి పోతే కాసేపు నిశ్శబ్దం, తర్వాత దక్షిణం నుంచి అంతే బలంతో. 2016 డిసెంబర్ 12న వర్దా పోయినప్పుడు గాలి ఆగిందని బయటికి వచ్చినవాళ్ళకు అది తెలిసొచ్చింది. కాబట్టి రెండు వైపులా మోకులుండాలి, నడుమ ఆ నిశ్శబ్దంలో బోటు దగ్గరికి రాకూడదు.

పెద్ద ప్రమాదపు గుర్తులు 8, 9, 10 దాకా ఆగకండి, 5 ఎగరకముందే ఒడ్డున ఉండండి. ఓనరు ఫోన్ చేసి "బోటు మీదే ఉండు" అంటే "ఉంటాను సార్" అని చెప్పి దిగిపోండి. నేను అదే చేశాను, మళ్ళీ చేస్తాను.

జూన్ రెండో వారం

హార్బర్‌కు ప్రాణం వస్తుంది. కళాసీలు తిరిగొస్తారు, డీజిల్ బండ్లు, ఐసు బండ్లు వరస కడతాయి. మీరు 60 రోజులు చూసుకున్న మోకుల మీద ఎవడెవడో కాలు వేసి నడుస్తాడు, కోపం తెచ్చుకోకండి. నీటి కింద గుల్లలు గీకించడం, రంగు వేయించడం అప్పటికే అయిపోయి ఉండాలి. కాకపోతే ఓనరుకు గుర్తు చేయండి, గుల్లలు పట్టిన బోటు డీజిల్ ఎక్కువ తాగుతుంది.

డ్రైవరు ఎక్కగానే టీ కంటే ముందు నోటుబుక్కు ఆయన చేతికివ్వండి. పంపు రోజుకు ఎన్ని నిమిషాలు, బ్యాటరీ ఎంత చూపిస్తోంది, డీజిల్ కర్ర గీత ఎక్కడుంది, గ్లాండు కారుతోందా, ఏ మోకు మార్చాలి. మొదటి రోజు తీసిన వీడియో తెరిచి, అదే వరసలో వలలు, బ్యాటరీలు లెక్క చూపించండి. ఓనరు దగ్గర లెక్క తేల్చుకున్నాకే సంచి కట్టండి. 14 అర్ధరాత్రి దాటాక బోట్లు ఒక్కొక్కటే కదులుతాయి. మీ బోటు జెట్టీ వదిలేటప్పుడు మోకు విప్పేది మీరే అయితే, ఆ పొడి రాలే ప్లాస్టిక్ మోకును మాత్రం బోటులోకి విసరకుండా జెట్టీ మీదే వదిలేయండి.